బలం కోసం తాగిన పాలు

పాలు తాగి మనిషి మంచాన పడతాడంటే మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవడూ నమ్మడు. నేనూ నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు మెట్లెక్కితే కళ్ళు తిరగడం లేదు, ప్యాంటు నడుం మీద నిలుస్తోంది, కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నాలాగే ఎవడైనా బలం వస్తుందని కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తుతుంటే, ఒక్క నిమిషం దింపి నా మాట వినమని చెప్పడానికే ఇదంతా.

మాది శ్రీకాకుళం వైపు. తాత కాలంలోనే రైల్వే పని కోసం ఇటొచ్చి ఇక్కడే పాతుకుపోయాం. నాన్న బొగ్గింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను గూడ్సు బళ్ళ మీద అసిస్టెంటు డ్రైవరుని. నా పేరున ఉన్న క్వార్టర్లో నాన్న, అమ్మ, నా భార్య పార్వతి, నేను ఉండేవాళ్ళం. పెరట్లో రేకుల కింద ఒక గేదె. నాన్న దాన్ని పక్కనున్న బెల్తరా ఊరి నుంచి స్వయంగా తోలుకొచ్చాడు. దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే ఆయనకి రాజసింహాసనం ఎక్కినట్టే. "ఇంజనుకి బొగ్గు, మనిషికి పాలు. మిగతాదంతా నోటి సరదా," అనేవాడు. ఆ మాట వింటూనే పెరిగాను.

1987 వేసవి

మే నెల ఎండలో, డ్యూటీ మీద ఎక్కడో ఏవో నీళ్ళు తాగాను. ఇంటికొచ్చేసరికి జ్వరం, జిగట విరేచనాలు. బజార్లో ఒక డాక్టరు మాత్రలిచ్చి, కొన్నాళ్ళు పాలూ రొట్టె మీద ఉండమన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

"సూసావేట్రా? సదువుకున్నోడు కూడా అదే మాటన్నాడు."

జ్వరం తగ్గింది. కడుపు మాత్రం బాగుపడలేదు. పొద్దున్న గ్లాసుడు పాలు తాగి బయల్దేరితే కాసేపటికి పొట్ట బిగిసిపోయేది. లోపల గుడగుడ. పక్కన కూర్చున్నవాడికి కూడా వినబడేది. ఆ తర్వాత పరుగే పరుగు. దారిలో ప్రతి స్టేషన్లోనూ చాయ్, అదీ చిక్కటి పాలతో. అలిసిపోయానని మరో కప్పు. నీరసంగా ఉందని ఇంకో కప్పు.

తెలియని వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. రైలు పెట్టెలో దొడ్డి ఉంటుంది గానీ ఇంజనులో ఉండదు. ఎక్కిన మనిషి దిగేదాకా బిగబట్టుకోవాల్సిందే. గూడ్సు బండి ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో ఆ పైవాడికే తెలియాలి. ఆ భయంతో డ్యూటీకి ముందు తిండి మానేయడం మొదలుపెట్టాను. ఇంట్లో చూస్తే, తినడం లేదు, పాపం పాలైనా తాగనీ, అని ఇంకో గ్లాసు పోసేవారు.

జులైలో ఒక రోజు పెండ్రా రోడ్ స్టేషను దగ్గర బయటి సిగ్నలు కింద బండి ఆగింది. నా డ్రైవరు తివారీజీ, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, నా మొహం చూసే "జా బేటా, జల్దీ" అన్నాడు. సీసాతో నీళ్ళు పట్టుకుని పొదల వెనక్కి పరిగెత్తాను. నేను అక్కడుండగానే బండి కదలమని సిగ్నలు పడింది. ఇంజను కూత వేసింది. లేద్దామంటే కాళ్ళు లేవలేదు. నిజంగా లేవలేదు. రెండోసారి కూత. నా వెనక అంత పెద్ద బండి ఆగిపోయి ఉంది, నేను పొదలో కూలబడి ఏడుస్తున్నాను. ఇరవై ఏడేళ్ళ మగాణ్ణి.

దిగకూడని మనిషి, తివారీజీ ఇంజను దిగొచ్చాడు. నా చంక కింద చెయ్యేసి లేపాడు. "బండి ఆగుతుంది లేరా. ముందు నువ్వు నిలబడు," అన్నాడు హిందీలో. ఇంజను ఎక్కాక నా వైపు చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ తన తుండుగుడ్డ నా చేతికిచ్చాడు. ఆలస్యానికి గార్డుకి ఏం సర్దిచెప్పాడో నాకు ఈనాటికీ తెలీదు. ఆ మేలు మాత్రం మరవను.

మర్నాడే ఒంట్లో బాగాలేదని రాసిచ్చి సిక్‌లో పెట్టేశాను.

వానలు

ఇంట్లో పడుకున్నాక పాల జోరు పెరిగింది. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. పప్పు వాయువని మా అమ్మ పూర్తిగా మాన్పించింది. కూరలు అరగవని పార్వతి మాన్పించింది. గంజన్నం, పాలు. పాలు, గంజన్నం.

దానికి తోడు మొక్కు. మా వాళ్ళు కాలనీలో కట్టుకున్న అమ్మోరి గుడికెళ్ళి అమ్మ దణ్ణం పెట్టుకొచ్చింది. "నా కొడుకు తిరిగి ఇంజనెక్కీదాకా మా ఇంటిలోన నీసు పొయ్యెక్కదని తల్లికి సెప్పీసేను," అంది గుమ్మంలోనే. మా ఇంట్లో నీసు మానడమంటే మాటలు కాదు. చేప లేకపోతే ముద్ద దిగని మనుషులం. బుధవారీ బజార్లో చేపలమ్మే ఆమె "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని పార్వతిని అడిగిందంటే అర్థం చేసుకోండి. గుడ్డు కూడా బంద్. నా కోసం ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుంటున్నారని నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను గానీ, నా నోటికి అందాల్సింది కూడా దాంతోపాటే పోయిందని నాకప్పుడు ఏం తెలుసు?

ఆగస్టు కల్లా చేతులు పుల్లల్లా అయ్యాయి. ఆ తర్వాత కాళ్ళు, మొహం నిండుగా కనిపించడం మొదలైంది. చూడ్డానికొచ్చిన చుట్టాలు "ఒళ్ళు సేసాడు బాబు, గేదె పాలు ఊరికే పోతాయేటి!" అన్నారు. నాన్న మురిసిపోయాడు. పార్వతి ఒక్కతే నా పక్కన కూర్చుని కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"అత్తా, ఇది కండ కాదు. నీరు. ఒకసారి సూడండి."

"అలాంటి మాటలు నోట రానీకు!" అని అమ్మ కసిరింది.

"రాకపోతే నీరు కండైపోతాదా అత్తా?"

పార్వతి అత్తగారికి ఎదురుచెప్పడం అదే మొదలు. రెండ్రోజులు ఇద్దరికీ మాటల్లేవు. గోడ అవతల ఎవరో క్షయ అన్నారు, ఇంకెవరో అంతకంటే పెద్ద జబ్బు పేరు చెప్పారు. నా గ్లాసు వేరేగా బోర్లించి ఉండటం చూశాను. చస్తానన్న భయం ఒకవైపు. బతికినా ఇంజను ఎక్కనివ్వరేమోనన్న భయం ఇంకోవైపు. లైను మీద పనికిరాడని డాక్టరు రాస్తే షెడ్డులో ఏ మూలో స్టూలు మీద కూర్చోబెడతారు. రేపో మాపో డ్రైవరు కావాల్సినవాణ్ణి. నిజం చెబుతున్నాను, ఆ రోజుల్లో చావు కంటే ఆ స్టూలే నన్ను ఎక్కువ భయపెట్టింది.

దసరా తర్వాత

చివరికి పార్వతే గోల పెట్టి రైల్వే ఆసుపత్రిలో చేర్పించింది. వరండాలో బల్ల మీద నా వంతు కోసం కూర్చోవడం కూడా కష్టమైంది. పక్కనున్న ముసలామె తన చీటీ నా చీటీతో మార్చి, "తుమ్ పహ్లే జావ్ బేటా," అంది. ఆమెకి నేనెవరో తెలీదు. వార్డులో ఆయా నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండా దొడ్డికి దగ్గరగా ఉన్న మంచం ఇచ్చింది. ఆసుపత్రిలో నాకు దొరికిన మొదటి మందు అదే.

అక్కడి డాక్టరమ్మ ఒడియా ఆవిడ. తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. పరీక్షలన్నీ అయ్యాయి. క్షయ లేదు. ఆ పెద్ద జబ్బూ లేదు. మరి ఏమిటి? చేరిన కొన్నాళ్ళకి ఆవిడ నా మంచం దగ్గర నిలబడి అడిగింది.

"పొద్దున్న బాగానే ఉంటావు. చుట్టాలొచ్చే టైము దాటాక నీ కడుపు పాడవుతుంది. ఆ టైములో ఏం జరుగుతోంది?"

జరిగేది నాన్న. చుట్టాలను వదిలే టైముకి సైకిలు మీద వచ్చేవాడు. ఒకప్పుడు తను డ్యూటీకి తీసుకెళ్ళిన పాత క్యారేజీలో మరగకాచిన పాలు. నా తల ఎత్తి పట్టుకుని తనే తాగించేవాడు. నా చిన్నప్పుడు కూడా అలా తాగించి ఎరగడు.

ఆవిడ పాలు ఆపించింది. నాన్న అలిగాడు. "ఇదేటి వైద్యం? ఉన్న బలం కూడా లాగేత్తారా?" అని వరండా అంతా వినిపించేలా అరిచాడు. కానీ మూడో రోజుకి నా కడుపు చప్పుడు చెయ్యకుండా పడుకుంది. మే నెల తర్వాత మొదటిసారి. నాకు భయమేసింది కూడా, ఇదేమిటి ఇంత నిశ్శబ్దంగా ఉందని.

తర్వాత ఒక ఉదయం డాక్టరమ్మ మా వాళ్ళందరినీ పిలిపించి, పరగడుపున నా చేతికి పెద్ద గ్లాసు పాలు ఇచ్చింది. మందు కాదు, మాత్ర కాదు, ఉత్త పాలు. తాగమంది. తాగాను. అందరం కూర్చున్నాం. అమ్మ బల్ల మీద, నాన్న గోడకి ఆనుకుని, పార్వతి నా కాళ్ళ దగ్గర. మొదట ఏమీ లేదు. నాన్న "సూసారా" అన్నట్టు డాక్టరమ్మ వైపు చూశాడు. కాసేపటికి నా కడుపులోంచి చప్పుడు బయల్దేరింది. గది మొత్తానికి వినబడింది. పొట్ట మా కళ్ళ ముందే ఉబ్బింది. నేను లేచి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. "నా సేత్తోనే పోసేనురా," అన్నాడు. అంతే. అంత గొంతున్న మనిషి అలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ వివరంగా చెప్పింది. పాలల్లో ఉండే చక్కెర అరగాలంటే కడుపులో ఒక రసం ఊరాలి. పసితనంలో అందరికీ ఊరుతుంది, కొందరికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. వేసవిలో వచ్చిన విరేచనాలు నాలో మిగిలిన కాస్తా ఊడ్చేశాయి. పాలు మంచివే, నాకు మాత్రం పడవు. ఇది ఎక్కువగా వంశంలో వస్తుంది.

"మీ ఇంట్లో పాలు పడనివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"మా ఇంట్లోనా?" అన్నాడు నాన్న నేల మీంచే. "ముప్ఫై ఏళ్ళుగా పాడి ఉన్న ఇల్లండీ. ఎవరూ లేరు."

"నాకు పడవు," అంది అమ్మ.

మొదట తెలుగులో అంది. తర్వాత డాక్టరమ్మకి అర్థమయ్యేలా హిందీలో అంది. నాన్న గిరుక్కున అటు తిరిగాడు.

"ఏటీ? నీకు పడవా? ఎప్పట్నుంచే?"

"పెళ్ళైన కాణ్ణుంచీ. మీ అమ్మున్నప్పుడు ఒకపాలి తాగి నానా యాతనా పడ్డాను. మరి ముట్టలేదు."

"మరి సెప్పలేదేటి?"

"మీరు అడగలేదు. ఆడదాయి పాలు తాగిందో లేదో ఎవులు సూస్తారు?" అని నా వైపు తిరిగింది. "నాది పాడు కడుపనుకున్నాను బాబూ. నా కడుపే నీకూ వస్తాదని నాకేటి తెల్సు?"

అమ్మ జీవితమంతా నల్ల టీ తాగడం మేం చూశాం. అదొక అలవాటనుకున్నాం. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, నా జబ్బే ఉన్న మనిషి నాకు రోజూ గ్లాసు నింపి ఇచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మతి పోతుంది.

చలికాలం

పాలు మానగానే బాగైపోయాననుకుంటే పొరపాటు. పరుగులు ఆగాయి గానీ ఒంట్లో సత్తువ లేదు. డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు గట్టిగానే చెప్పింది. కాళ్ళ నీరు తగ్గాలన్నా కండ పట్టాలన్నా మాంసకృత్తులు పడాలి. పాలతో రావలసినది ఇంకో దారిలో రావాలి. పప్పు తిను, పెసలు తిను, వేరుశనగ తిను, గుడ్డు తిను, చేప తిను. జనవరిలో మళ్ళీ చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే లైను మీంచి తీసెయ్యమని రాయక తప్పదు, అంది.

గుడ్డు, చేప అనగానే మేం మొహమొహాలు చూసుకున్నాం. మొక్కు! నేను ఇంజనెక్కేదాకా ఇంట్లో నీసు వండకూడదు. నీసు తినకపోతే ఇంజనెక్కే బలం వస్తుందో రాదో తెలీదు. అమ్మోరితో బేరమాడే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

సరే, పప్పుతోనే నెట్టుకొద్దామనుకున్నాం. ఎన్ని నెలల తర్వాతో కందిపప్పు ముద్ద నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది. పెసరట్లు బాగానే పడ్డాయి. ఉలవచారు పడింది. నానేసిన శనగలు మాత్రం నా పాడు కడుపు ఒప్పుకోలేదు, మళ్ళీ ఉబ్బరం. అప్పుడే ఇక్కడి కొట్లలోకి కొత్తగా వస్తున్న సోయా బడీలు, ఎండు ఉండల్లాంటివి, పార్వతి తెచ్చి, మసాలా దట్టించి వండింది. ఆ వాసనకి అమ్మ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మ! ఏటే ఇది, మాంసమా?"

"కాదత్తా. గింజల పిండితో సేస్తారంట."

అమ్మ ఒక ముక్క వేళ్ళతో నలిపి, వాసన చూసి, అనుమానంగా పక్కన పెట్టింది. "నీసు కాదంతావు, నీసులా ఉంది. తల్లి ఏటనుకుంతాదో," అని ఆ రోజంతా సణిగింది. నాన్న ఒక ముక్క నమిలి "అచ్ఛా, బ్రేకు రబ్బరు కూడా వండుతున్నారన్నమాట," అన్నాడు. చాన్నాళ్ళ తర్వాత ఇంట్లో నవ్వులు వినబడ్డాయి.

కాళ్ళ నీరు తీసింది. బరువు మాత్రం మొండికేసింది, ఎందుకంటే నేను తినగలిగేది పిట్ట తిండి. కడుపు మీద నమ్మకం పోయినవాడికి రెండో ముద్దంటేనే భయం. డిసెంబరులో చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"కొంచెమే తినేవాడివి గుడ్డు తినడానికి నీకేమిటయ్యా కష్టం? శాకాహారివి కూడా కాదు కదా."

చెప్పక తప్పింది కాదు. మొక్కు సంగతి విని ఆవిడ కలం కింద పెట్టేసింది. "నువ్వు బాగుపడాలని మొక్కుకుని, నువ్వు బాగుపడే తిండే ఆపేశారా?" అంది. నవ్వలేదు, తిట్టలేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. పక్కనే అమ్మ నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, పార్వతిని వెంటేసుకుని గుడికి పోయింది. వచ్చేటప్పుడు కొంగులో గుడ్లున్నాయి. పొయ్యి మీద గిన్నె పెట్టి, ఉడకబెట్టి, వొలిచి, ఉప్పూ మిరియాలూ జల్లి నా ముందు పెట్టింది.

"అమ్మా, మొక్కు?"

"తల్లితో మాటాడీసేను. ఒప్పుకుంది. నువ్వు తినీ."

ఇంకేమీ అడగొద్దన్నట్టు అటు తిరిగింది. నేను తిన్నాను. సిగ్గు లేకుండా రెండోది కూడా తిన్నాను. ఆ తర్వాత నాకు రోజూ గుడ్డు, వారంలో రెండుసార్లు చేప, పూటపూటా పప్పు. జనవరి నాటికి కాలనీ అంతా ఒక చుట్టు తిరిగి, వచ్చి పెరట్లో గేదె దగ్గర ఆగేవాణ్ణి. దాని మీద నాకు కోపమేమీ లేదు. పాపం, అదేం చేసింది?

1988 జనవరి

మెట్లెక్కించారు, దించారు, గుంజీలు తీయించారు, కళ్ళు చూశారు, బరువు చూశారు. చివరికి డాక్టరమ్మ "ఫిట్. దారిలో చాయ్ తాగావో, చంపేస్తాను," అంది. బయటికొచ్చి వరండాలో గోడ పట్టుకుని నిలబడిపోయాను.

మొదటి డ్యూటీ తివారీజీతోనే పడింది. పెండ్రా రోడ్ దాటేటప్పుడు ఇద్దరం ఆ పొదల వైపు చూడలేదు. ఆయన తన డబ్బాలోంచి వేయించిన వేరుశనగ గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు.

తిరిగొచ్చిన రోజు బుధవారీ బజారుకెళ్ళి మంచి రొహూ చేప తెచ్చాను. మొక్కు తీరిపోయింది కదా, అందరం కలిసి తినాలని. అమ్మే పులుసు పెట్టింది. పార్వతి పట్టుబట్టి ఆవిడని కూడా మాతో కూర్చోబెట్టింది. చూద్దును కదా, అమ్మ కంచంలో అన్నం, చారు, ఓ మూల ఆవకాయ.

"అమ్మా, నేను ఇంజనెక్కేశాను కదా. ఇంక తిను."

"నువ్వు తినీ బాబూ. నాకొద్దు."

"ఎందుకొద్దు?"

అమ్మ చారన్నం కలుపుకోసాగింది. పార్వతి తల దించుకుని చెప్పింది. "ఆ రోజు గుడిలో అత్త మాట మార్సుకుంది. ఇంటిమీదున్న మొక్కు తనొక్కదాని మీదకి తెచ్చుకుంది. బతికినన్నాళ్ళూ నీసు ముట్టనని. మీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాలు పడని మనుషులు ఆ ఇంట్లో ఇద్దరం. పాలు లేవు కాబట్టి ఇంకో దారిలో బలం రావాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు అమ్మ నా పక్కనే నిలబడి వింది. అది ఆమెకీ చెప్పిన మాటేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. నా కోసం పప్పు వండారు, అట్లు పోశారు, గుడ్లు ఉడికించారు. ఆమె చారన్నం తింటూ నన్ను తినమంది. ఆ క్షణాన ఆమె చేతులు చూశాను. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఎప్పట్నుంచి అలా ఉన్నాయో నాకు తెలీదు.

"అమ్మా, ఎంత పని చేశావే," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఏటైనాదిప్పుడు? నువ్వు ఇంజనెక్కేవు. అంతే గావాల," అంది అమ్మ, నన్నే కోప్పడుతూ.

నాన్న లేచాడు. వడ్డించిన కంచం ముందు నుంచి మధ్యలో లేవడం అశుభమని మమ్మల్ని తిట్టే మనిషి. ఎంగిలి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాడు. ఏ గిన్నె ఎక్కడుంటుందో ఆయనకి తెలీదు, మూతలన్నీ తీసి చూస్తున్న చప్పుడు వినబడింది. పప్పు గిన్నె పట్టుకొచ్చి, అమ్మ పక్కన గొంతుక్కూర్చుని, ఆమె అన్నం మీద గరిటెతో వేశాడు. జీవితంలో ఆయన ఎవరికైనా వడ్డించడం అదే మొదటిసారి. సగం కింద పడింది.

"తిను," అన్నాడు.

"సాలండీ," అంది అమ్మ.

ఆయన ఇంకో గరిటె వేశాడు.